మెరుపు పరీక్ష

జూన్ 4

ఈ నోటుబుక్కు మా ఆవిడ మందుల వేళలు, జ్వరం లెక్కలు రాసుకోవడానికి కొన్నాను. ముందు పేజీలు వాటికి. వెనక పేజీలు నాకు. ఎవరూ చూడరు గనక నా ఇష్టం వచ్చినట్టు రాసుకుంటాను.

ఇవాళ రెండో విడత మందు ఎక్కించారు. ఇంకా నాలుగు ఉన్నాయి, మూడు వారాలకొకటి. ఆగకుండా వరసగా జరిగితేనే గడ్డ లొంగుతుందని, మధ్యలో ఎడం రాకూడదని డాక్టరు ఒక్క ముక్కలో తేల్చేశాడు. పదో రోజుకల్లా ఒంట్లో తెల్లకణాలు పడిపోతాయట. అప్పుడు ఏ చిన్న క్రిమి దూరినా ఆపే దిక్కుండదట.

నర్సు ఒక కాగితం చేతిలో పెట్టింది. సగం కాగితం గిన్నెల గురించే. వేడినీళ్ళతో కడగాలి, పారే నీళ్ళలో సబ్బు పోయేదాకా తొలవాలి, స్పాంజి వారానికోసారి మార్చాలి, ఒకదానికొకటి తగలకుండా బోర్లించి గాలికి ఆరనివ్వాలి, గుడ్డతో తుడవకూడదు. నాకా చెప్పేది! సీసాల కంపెనీలో ఇరవై ఏడేళ్ళు వెలుతురు పెట్టె ముందు కూర్చున్నవాణ్ణి. కడిగిన సీసాలు నిమిషానికి నూట ఇరవై చొప్పున కళ్ళముందు నుంచి పోతుంటే, మరక ఉన్నదాన్ని మెడ పట్టుకుని పక్కకి లాగిన చెయ్యి ఇది. ఈ వీధిలో నా పేరు ఎవరికీ తెలియదు, సీసాలాయన అంటే చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు.

పనిమనిషిని మాన్పించేశాను. ఆరిళ్ళ అంట్లు తోమి వచ్చే చెయ్యి మనకి వద్దు. ఇకనుంచి అంట్లు నేనే కడుగుతానన్నాను.

సోఫాలో పడుకున్న ఆవిడ కళ్ళు తెరిచి, "మీరా? అంట్లా?" అంది. నవ్వింది కూడా. మందు ఎక్కించాక ఇదే మొదటి నవ్వు.

"ఎందుకా నవ్వు? కంపెనీవాళ్ళు నాకు ఊరికే జీతమిచ్చారనుకున్నావా?" అన్నాను.

జూన్ 6

స్పాంజి కొత్తది. సబ్బు కొత్తది. గుడ్డ కంపెనీది.

రిటైరైన రోజు శాలువా కప్పారు, ఆ శాలువా ఎక్కడుందో తెలియదు. వెలుతురు పెట్టె అద్దం తుడిచే పసుపు గుడ్డలు మాత్రం డజను అడిగి తెచ్చుకున్నాను. మెత్తగా, వెన్నలా ఉంటాయి. దాంతో ఒక్కసారి తుడిస్తే స్టీలు పళ్ళెంలో మన పళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. ఒకటి తీసి సింకు వెనక మేకుకి తగిలించాను. పని అయ్యాక రోజూ నీళ్ళలో జాడించి, పిండి, మళ్ళీ అక్కడే.

కాగితంలో గుడ్డ వద్దని రాసిన మాట నిజమే. అది మామూలు జనం కోసం. మామూలు జనం పొయ్యి తుడిచిన మసిగుడ్డతోనే పళ్ళేలూ తుడుస్తారు. నాది మసిగుడ్డ కాదు.

జూన్ 9

మరదలు దిగింది. ఆవిడకి ఒక్కగానొక్క చెల్లెలు. ఎక్కడో పిల్లల హాస్టల్లో రెండొందల మందికి వంట చూసుకునే మనిషి. నెల రోజులు సెలవు పెట్టి వచ్చిందట. సంచి ఇంకా దించలేదు, తిన్నగా వంటింట్లోకి వెళ్ళి మూతలు తీసి ఒక్కొక్క గిన్నే వాసన చూసింది.

"బావగారూ, అంట్లు కూడా నేనే చూసుకుంటాను. మీరు అక్క దగ్గర కూర్చోండి" అంది.

"వంట నీది, సింకు నాది. హద్దు దాటొద్దు" అన్నాను.

"హద్దురాళ్ళు పాతుకోవడానికి ఇదేమన్నా పొలమా?"

ఆవిడ గదిలోంచి, "పోనీలే చిన్నీ, చెయ్యనియ్యి" అంది. నా పక్షాన మాట్లాడింది. మరదలు మూతి ముడుచుకుంది. ముడుచుకోనీ.

జూన్ 11

హద్దు దాటింది.

మధ్యాహ్నం నేను మందుల షాపుకి వెళ్ళి వచ్చేసరికి అంట్లన్నీ తనే కడిగేసి, బాల్కనీలో ఎండ పడేచోట ఇనప స్టాండు పెట్టి, పళ్ళేలు నిలబెట్టి, గ్లాసులు వాలుగా బోర్లించింది. కింద రోడ్డు తవ్వుతున్నారు. ఆ దుమ్మంతా ఎక్కడికి పోతుంది? పావురాలొకటి. పైగా నీటిచుక్కలు ఆరిన చోటల్లా తెల్లటి మచ్చలు. మా సూపర్‌వైజరు చూస్తే ఆ పళ్ళేన్ని బల్లమీద పెట్టి నన్ను పిలిచేవాడు.

తను స్నానానికి వెళ్ళేదాకా ఆగి, అన్నీ లోపలికి తెచ్చి, పసుపు గుడ్డతో ఒక్కొక్కటే తుడిచి, దుమ్ము తగలకుండా ఒకదాంట్లో ఒకటి పెట్టి అలమరలో సర్దాను. మచ్చ లేదు. ఆవిడకి అన్నం పెట్టి ఇచ్చేముందు పళ్ళెం కిటికీ వైపు తిప్పి చూపించాను.

"బాగా మెరుస్తోందండీ" అంది.

ముప్పై ఒక్క ఏళ్ళలో ఆవిడ నన్ను మెచ్చుకున్న సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఇదొకటి కలిసింది.

జూన్ 12

మళ్ళీ బాల్కనీలో పెట్టింది. మళ్ళీ తెచ్చి తుడిచాను.

జూన్ 13

పెట్టింది. తుడిచాను. తనకి తెలిసినట్టుంది. ఏమీ అనదు. అనడానికేముంది?

జూన్ 14

పొద్దున ఏడింటికి నూట ఒకటి పాయింటు రెండు. ఎనిమిదింటికి నూట రెండు. విరేచనాలు. ట్యాక్సీ కోసం ఇరవై నిమిషాలు గేటు దగ్గర నిలబడ్డాను. లోపల మరదలు అక్కని ఒళ్ళో పడుకోబెట్టుకుని తడిగుడ్డ వేస్తోంది. నూట మూడు.

జూన్ 15

ఆస్పత్రిలో విడిగా అద్దం గదిలో పెట్టారు. లోపలికి ఒక్కరే, మూతికి గుడ్డ కట్టుకుని, చేతులు కడుక్కుని. నన్ను చూసి చెయ్యెత్తబోయింది, లేవలేదు.

కడుపులోంచి మొదలైన ఇన్ఫెక్షన్ అన్నాడు డాక్టరు. ఎలా వచ్చిందని అడిగాను. "తిండి, నీళ్ళు, గిన్నెలు, చేతులు, ఎక్కడినుంచైనా రావచ్చు. ఒక్కోసారి మన కడుపులో ఉన్నదే తిరగబడుతుంది. ఖచ్చితంగా చెప్పలేం" అన్నాడు.

నేను చెప్పగలను. తవ్విన రోడ్డు, పావురాలు, బాల్కనీ.

బట్టలు తీసుకెళ్దామని ఇంటికి వస్తే మరదలు మళ్ళీ అంట్లు కడుగుతోంది. ఒళ్ళు మండింది.

"ఇంకా చాల్లేదా? నువ్వొచ్చి వారం కాలేదు, మనిషి అద్దం గదిలో పడింది" అన్నాను.

"అంటే?"

"అంటే ఏముంది? పళ్ళేలు తీసుకెళ్ళి వీధి దుమ్ములో పెట్టావు. రెండొందల మందికి వండితే సరిపోదు, శుభ్రం అంటే ఏంటో కూడా తెలియాలి. మీ అక్కని చంపడానికొచ్చావా?"

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. కానీ అన్నాను. తను కుళాయి కట్టేసింది. మేకు వైపు ఒకసారి చూసింది, నా వైపు ఒకసారి చూసింది. ఏదో చెప్పబోయి నోరు మూసుకుంది.

"మీ ఇష్టం బావగారూ" అంది. సంచి సర్దుకోవడానికి పావుగంట కూడా పట్టలేదు.

జూన్ 17

ఇల్లు ప్రశాంతంగా ఉంది. గిన్నెలన్నీ మళ్ళీ కడిగి, తుడిచి, అలమరలో పెట్టాను. ఎంత బాగున్నాయో.

జూన్ 21

ఆవిడ ఇంటికి వచ్చింది. నాలుగు కిలోలు తగ్గింది. మెట్లెక్కుతూ మూడుసార్లు ఆగింది. గుమ్మంలో నిలబడి, "చిన్ని వెళ్ళిపోయిందటగా" అంది.

"దానికేదో పనుందట" అన్నాను.

"ఊఁ" అంది. అంతే. మధ్యాహ్నం భోజనం దగ్గర పళ్ళెం మెరుస్తోందని అనలేదు. సరిగ్గా తినలేదు కూడా.

జూన్ 23

రక్తం తీసుకోవడానికి నర్సు ఇంటికి వచ్చింది. వంటిల్లు కూడా చూసింది. బాగుందంది.

జూన్ 24

నర్సు బాగుందనలేదు. ఎవరూ చూడని పుస్తకంలో కూడా అబద్ధం రాసుకునే దశకి వచ్చానన్నమాట.

జరిగింది ఇది. చేతులు కడుక్కుంటానని సింకు దగ్గరికి వచ్చింది. కడుక్కుని, అలవాటు కొద్దీ మేకున ఉన్న గుడ్డ అందుకోబోయి ఆగింది. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇదేంటండీ?"

"గిన్నెలు తుడిచే గుడ్డ. కంపెనీది."

"తుడవొద్దని రాసిచ్చాంగా. పోనీ ఎప్పుడు ఉతికారు?"

"రోజూ జాడిస్తాను."

"జాడించడం కాదండీ. సబ్బు పెట్టి ఉడికించారా? ఎండలో వేశారా?"

ఇదిగో చూడండని నా ముక్కు దగ్గర పెట్టింది. ముక్కిపోయిన తడి వాసన. రోజూ నా చేతిలోనే ఉంటోంది, ఏ రోజూ నాకు వాసన రాలేదు. కళ్ళు పనిచేస్తున్నాయి కదా అని ముక్కుని పనిలోంచి తీసేసినట్టున్నాను.

అలమర తీసింది. ఒకదాంట్లో ఒకటి దూర్చిన గ్లాసులు పట్టుకుపోయి ఉన్నాయి. గట్టిగా లాగితే చప్పుడు చేస్తూ ఊడి వచ్చాయి. లోపల తడి. అడుగు గ్లాసులో వేలు పెట్టి తీసి చూపించింది, వేలికి జిగురు.

"ఎంత బాగా కడిగారండీ! కడిగినంతసేపు కడిగి, మళ్ళీ ఆ గుడ్డతో పూశారు" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేనూ నాలుగు మాటలు అనేవాణ్ణి.

ఆమె వెళ్ళాక సింకు ముందు చాలాసేపు నిలబడ్డాను. సీసా నా వెలుతురు పెట్టె దాకా వచ్చేలోపు, గోడకి అవతల పెద్ద మిషనులో, సలసల కాగే కాస్టిక్ సోడా నీళ్ళలో దాన్ని ఎవరో కడిగి పంపేవారు. ఆ గదిలోకి నేను ఇరవై ఏడేళ్ళలో రెండుసార్లో మూడుసార్లో వెళ్ళాను. వేడి, ఘాటు, అక్కడ పనిచేసేవాళ్ళ చేతులు ఎర్రగా ఉండేవి. శుభ్రం చేసింది వాళ్ళు. నేను చూసింది మెరుపు. మెరిసేదల్లా శుభ్రమని నేను నమ్మితే ఆ తప్పు కంపెనీది కాదు.

జూన్ 25

మూడో విడత ఇవాళ. ఇవ్వలేదు.

రక్తం కాగితం చూసి డాక్టరు తల అడ్డంగా ఊపాడు. ఒళ్ళు ఇంకా కోలుకోలేదు, రెండు వారాలు ఆగాలి అన్నాడు.

"మధ్యలో ఎడం రాకూడదన్నారు కదండీ" అన్నాను.

"రాకూడదు. వచ్చింది. ఏం చేస్తాం?" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆవిడ ట్యాక్సీ కిటికీకి తల ఆనించుకుని కూర్చుంది. "గడ్డ కూడా రెండు వారాలు సెలవు తీసుకుంటే బాగుండు" అంది. డ్రైవరు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

జూన్ 26

డాక్టరే చెప్పాడు కదా, ఎక్కడినుంచైనా రావచ్చని. నీళ్ళనుంచి రావచ్చు. కడుపులో ఉన్నదే తిరగబడి ఉండవచ్చు. గుడ్డే అనడానికి రుజువేముంది?

పైన రాసింది మళ్ళీ చదువుకున్నాను. బాల్కనీ అయితే రుజువు అక్కర్లేదు. నా గుడ్డ అయ్యేసరికి రుజువు కావాలి. సిగ్గులేని మనిషిని.

గుడ్డలు పన్నెండూ చెత్తలో వేశాను. గ్లాసులన్నీ మరిగే నీళ్ళలో వేసి తీసి, బాల్కనీలో మరదలు పెట్టిన స్టాండు మీదే బోర్లించాను. మచ్చలు పడ్డాయి. పడనీ.

జూన్ 27

మరదలికి ఫోను చెయ్యాలి. చెయ్యలేదు.

జూన్ 28

చెయ్యలేదు. ఫోనులో ఛార్జింగు లేదు.

జూన్ 29

ఛార్జింగు ఉంది.

జూన్ 30

పొద్దున పదింటికి చేశాను. హాస్టల్లో గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. నా గొంతు వినగానే, "అక్కకేమైంది?" అంది.

"ఏం కాలేదు. నాకే అయింది" అన్నాను. ఆమె ఫోను పెట్టేయలేదు. చెప్పాను. గుడ్డ సంగతి, గ్లాసుల సంగతి, ఆమె ఆరబెట్టినవి నేను దొంగచాటుగా తెచ్చి తుడిచిన సంగతి, నర్సు సంగతి. తప్పు నాదేనని చెప్పాను. ఈ మాట అనడానికి నాకు అరవై ఏళ్ళు పట్టింది, అదీ ఫోనులో.

"నాకు తెలుసు బావగారూ" అంది.

"ఏం తెలుసు?"

"గుడ్డ సంగతి. నేను వచ్చిన రోజే వాసన తెలిసింది. మా దగ్గర అలాంటి గుడ్డ కనిపిస్తే అక్కడికక్కడే పొయ్యిలో పడేస్తాం."

"మరి చెప్పలేదేం? నేను అన్నేసి మాటలంటుంటే కూడా నోరు విప్పలేదే?"

గిన్నెల చప్పుడు దూరమైంది, పక్కకి వచ్చినట్టుంది. తర్వాత అంది, "అక్క వద్దంది. ఒట్టు వేయించుకుంది. అందుకే మీకు చెప్పకుండా ఎండలో పెట్టుకుంటూ వచ్చాను. మీరు మళ్ళీ తుడుస్తారని మొదటిరోజు అనుకోలేదు. తెలిశాక అక్కతో మళ్ళీ చెప్పాను. అయినా వద్దంది."

"ఎందుకు వద్దంది?"

"అది అక్కనే అడగండి."

రమ్మని అడిగాను. వస్తానంది. "మీ కోసం కాదు" అని కూడా అంది. అననీ, అనే హక్కుంది.

సాయంత్రం

ఎందుకు వద్దందో నాకు తెలిసిపోయింది. అడగక్కర్లేదు. జీవితంలో మొదటిసారి మొగుడు తన కోసం చెయ్యి తడుపుకున్నాడు. ఆ సంతోషం చాలు అనుకుంది. నన్ను చిన్నబుచ్చడం ఇష్టంలేక, వాసన వచ్చే పళ్ళెంలోనే తిని, మెరుస్తోందండీ అంది. పిచ్చిది. ఇంత ప్రేమ పెట్టుకుని పైకి ఒక్కమాట అనదు.

ఇది రాస్తుంటే కళ్ళు ఊరుకోవడం లేదు.

జూలై 2

మరదలు నిన్న వచ్చింది. సింకు దగ్గర ఇద్దరం నిలబడ్డాం. నేను కడుగుతుంటే ఆమె చూసి, "అంచు వదిలేశారు", "పిడి కింద జిడ్డు", "జాడించింది చాల్లేదు" అని వరసగా చెప్పుకుంటూ పోయింది. నేను కిక్కురుమనలేదు. కడిగినవి కడిగినట్టే బాల్కనీలోకి వెళ్ళాయి.

ఇవాళ మధ్యాహ్నం ఆవిడ కొంచెం తేరుకుని దిండుకి ఆనుకుని కూర్చుంది. మరదలు బజారుకి వెళ్ళింది. మంచం పక్కన కుర్చీ వేసుకుని, నేను కనుక్కున్న సంగతి గొప్పగా చెప్పాను. నన్ను బాధపెట్టకూడదని నువ్వు ఇంత భరించావని నాకు తెలుసు అన్నాను.

ఆవిడ నా వైపు వింతగా చూసింది.

"చిన్నబుచ్చుకుంటారని కాదండీ" అంది. "మానేస్తారని."

నాకు అర్థం కాలేదు.

"తప్పు అని ఎవరన్నా అంటే మీరు చేతిలో ఉన్నది విసిరేసి బయటికి పోతారు. మళ్ళీ ఆ పని ముట్టుకోరు. చిన్ని నెల రోజులుండి పోయే మనిషి. పనిమనిషిని మాన్పించారు. నేను లేవలేను. రేపు నా పళ్ళెం కడిగేదెవరు? సగం శుభ్రమైనా నయమే, అసలు లేకపోవడం కంటే అనుకున్నాను." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "తప్పుగా అనుకున్నాను."

"మరి బాగా మెరుస్తోందన్నావు?"

"అంటే మీరు రేపు కూడా కడుగుతారని."

ప్రేమ అని మొన్న సాయంత్రం రాసుకున్న పేజీ ఇప్పుడు ఎదురుగా ఉంది. చింపలేదు. ఉండనీ, నేను ఎలాంటివాణ్ణో తెలియడానికి పనికొస్తుంది. ప్రాణం మీదికి వచ్చిన మనిషి, పక్కనున్న మొగుడికి ఒక మురికి గుడ్డ సంగతి చెప్పడానికి భయపడింది. నేను దాన్ని అక్షరాలా తిండిలో కలిపి పెట్టాను. ఆమె తిన్నది.

అప్పుడు ఆవిడని అడిగాను, "ఇలా నాకు చెప్పకుండా దాచుకున్నవి ఇంకేమన్నా ఉన్నాయా?"

"ముప్పై ఒక్క ఏళ్ళవి. ఎన్నని చెప్పను?"

"చెప్పు. రాసుకుంటాను."

"కోప్పడతారు."

"కోప్పడితే ఈ కలం తీసి నీ చేతికిస్తాను, కంట్లో పొడిచెయ్యి."

నమ్మలేదు. నమ్మాల్సిన పనీ లేదు. నేను ఈ పుస్తకం తెచ్చుకుని, వెనక పేజీ తెరిచి, కలం పట్టుకుని కూర్చున్నాను. కుర్చీలో కదలకుండా ఉన్నానో లేదో చూసింది. తర్వాత కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది.

"మన పెళ్ళైన రెండో నెల. కాఫీ చల్లారిపోయిందని గ్లాసు విసిరారు. గోడకి తగిలింది."

"నాకు గుర్తు లేదు."

"మీకెందుకుంటుంది? గోడ కడిగింది నేను. కడుగుతూ అనుకున్నాను, ఇక ఈ మనిషికి తప్పు ఇదీ అని చెప్పకూడదని. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు."

రాసుకున్నాను. సరిగ్గా రాశానా అని చదివి వినిపించమంది. వినిపించాను. ఊఁ అంది. రెండోది మొదలుపెట్టి, మధ్యలో నీరసం వచ్చి నిద్రపోయింది. మాట సగంలో ఉంది. నేను ఇక్కడే కూర్చున్నాను. లేచాక అడగాలి.